కార్డు లేని కంప్యూటర్లో ఆట: సమీకృత గ్రాఫిక్స్ చరిత్రలో పొదుపు పద్ధతులు

వ్యాససంగ్రహం

కంప్యూటర్ ఆటల చరిత్ర చాలావరకు గ్రాఫిక్స్ కార్డుల చరిత్రగానే నమోదైంది. ప్రత్యేకమైన కార్డు లేకుండా, మదర్‌బోర్డులోనో ప్రాసెసర్‌లోనో కలిసి వచ్చిన చిత్రణ విభాగంతో ఆడుకున్నవారి అనుభవానికి అందులో తగిన చోటు దక్కలేదు. అటువంటి యంత్రాల మీద ఆటల వేగాన్ని పెంచుకోవడానికి రూపకర్తలూ ఆటగాళ్లూ అనుసరించిన పద్ధతులను 1990 నుండి 2024 వరకు ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ పద్ధతులన్నిటికీ మూలసూత్రం శక్తిని పెంచడం కాదనీ, గీయనక్కరలేనిదాన్ని గుర్తించడమూ ఉన్న మెమరీ ప్రవాహాన్ని పొదుపుగా వాడుకోవడమూ అనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సమీకృత గ్రాఫిక్స్, కంప్యూటర్ ఆటలు, మెమరీ, బ్యాండ్‌విడ్త్, రిజల్యూషన్, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్ కొనడానికి దుకాణానికి వెళ్లిన విద్యార్థి ఆటల మాట ఎత్తగానే ఎదురయ్యే ప్రశ్న "గ్రాఫిక్స్ కార్డు ఉన్నదా, లేనిదా?" అన్నది. 'లేనిది' అంటే తెర మీద బొమ్మ రాని యంత్రమని కాదు. బొమ్మను గీసే విభాగం అందులోనూ ఉంటుంది. అది వేరే పలక మీద, తనదైన మెమరీతో కాక, ప్రాసెసర్‌తో కలిసి, దాని మెమరీనే పంచుకుంటూ ఉంటుంది. దీన్నే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అంటారు. ఈ వ్యాసంలో 'సమీకృత గ్రాఫిక్స్' అన్న పదాన్ని వాడుతున్నాను. వ్యవహారంలో మాత్రం ఈ మాట కంటే 'కార్డు లేని సిస్టమ్' అన్నదే ఎక్కువ. ఉన్న వస్తువును 'లేని' అన్న వ్యతిరేక విశేషణంతో వ్యవహరించడం భాషాధ్యయనం చేసేవారికి ఆసక్తి కలిగించే విషయం. పేరులోనే లేమి చేరిన వస్తువుకు చరిత్ర కూడా లేదనిపిస్తుంది. కానీ కంప్యూటర్ గ్రాఫిక్స్ చిప్పుల అమ్మకాలను సంఖ్యలో లెక్కించినప్పుడు ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉన్న సంస్థ ఇంటెల్. ఆ చిప్పుల్లో అత్యధికభాగం సమీకృతమైనవే. అంటే కార్డు ఉన్న యంత్రాల మీద ఆడినవారి చరిత్రను మొత్తం ఆటల చరిత్రగా చెప్పుకుంటూ వస్తున్నామన్నమాట.

2. మారినదాన్ని మాత్రమే గీయడం

సమీకృత గ్రాఫిక్స్ అన్న పేరు రాకముందే దాని సమస్య ఉంది. 1984లో ఐబీఎం ప్రవేశపెట్టిన ఈజీఏ ప్రమాణం, 1987 నాటి వీజీఏ ప్రమాణం బొమ్మను తెరకు పంపేవే గాని, ఆటకు కావలసిన విధంగా గీసిపెట్టేవి కావు. గీసే పని ప్రధాన ప్రాసెసర్‌దే. అదే కాలంలో నింటెండో ఆటయంత్రంలో నేపథ్యాన్ని పక్కకు జరపడానికి ప్రత్యేకమైన ఏర్పాటు ఉండేది. అందుకే మారియో పరిగెత్తుతుంటే వెనుక ఆకాశమూ కొండలూ సాఫీగా జరిగేవి. కార్యాలయాల కోసం పుట్టిన పీసీలో ఆ సాఫీతనం సాధ్యం కాదని అందరూ అనుకునేవారు.

అమెరికాలోని లూసియానా రాష్ట్రం, ష్రీవ్‌పోర్ట్ పట్టణంలో సాఫ్ట్‌డిస్క్ అనే సంస్థలో పనిచేస్తున్న జాన్ కార్మాక్ 1990లో ఈ అభిప్రాయాన్ని తప్పని నిరూపించాడు. ఆయన పద్ధతికి 'అడాప్టివ్ టైల్ రిఫ్రెష్' అని పేరు. ఆట దృశ్యం చిన్నచిన్న చదరపు పలకలతో ఏర్పడుతుంది. తెర మీద కనిపించేదానికంటే కొంచెం పెద్ద బొమ్మను ఈజీఏ మెమరీలో ఉంచి, ఎక్కడి నుండి చూపించాలన్న గుర్తును మాత్రం మారుస్తూ పోతే, ఒక పలక వెడల్పు మేరకు గీయకుండానే దృశ్యం జరుగుతుంది. ఆ హద్దు దాటినప్పుడు మాత్రం మళ్లీ గీయాలి. అప్పుడైనా అంతా గీయనక్కరలేదు. ఒక చోట ఇంతకుముందున్న పలకా, ఇప్పుడు రావలసిన పలకా ఒకటే అయితే దాన్ని వదిలివేయవచ్చు. నీలాకాశం పక్కన నీలాకాశమే ఉంటే గీయడానికి ఏముంది? 1990 డిసెంబరులో వెలువడిన కమాండర్ కీన్ ఆట ఈ పద్ధతి మీదే నడిచింది. యంత్రం ఏమాత్రం మారలేదు. దాని చేత చేయించే పని తగ్గింది.

ఇందులో గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. ఒకే రకం పలకలు ఎక్కువగా ఉన్న దృశ్యం వేగంగా కదులుతుంది. కాబట్టి దృశ్యాన్ని ఎలా కూర్చాలన్న కళానిర్ణయం కూడా యంత్రవేగాన్ని నిర్ణయిస్తుంది. తరువాతి ముప్పై ఏళ్లలోనూ ఈ సంబంధం తెగలేదు.

కార్మాక్, జాన్ రొమెరో తదితరులు స్థాపించిన ఇడ్ సాఫ్ట్‌వేర్ 1992లో వోల్ఫెన్‌స్టైన్ 3డి, 1993 డిసెంబరులో డూమ్ విడుదల చేసింది. మొదటిదానిలో గోడల మీదే చిత్రాలుంటాయి, నేలా పైకప్పూ ఒట్టి రంగులు. గోడలన్నీ లంబకోణాల్లోనే కలుస్తాయి. ఈ పరిమితులే దాని వేగానికి కారణం. డూమ్ నేలకూ పైకప్పుకూ కూడా చిత్రాలను తెచ్చింది. ఏ గోడ ఏ గోడకు అడ్డమో ముందుగానే లెక్కకట్టి ఉంచడానికి బైనరీ స్పేస్ పార్టిషనింగ్ అనే విధానాన్ని వాడుకొంది. ఇవి రూపకర్తల పొదుపులు. నా దృష్టిలో డూమ్ ప్రాధాన్యం మరోచోట ఉంది. అందులో ఆటగాడు కీబోర్డు మీద మైనస్ మీట నొక్కుతూ పోతే దృశ్యపు చట్రం చిన్నదవుతూ చుట్టూ అంచు పెరుగుతుంది. ఎఫ్5 నొక్కితే అడ్డంగా సగం వివరంతోనే గీసి, ఒక్కొక్క నిలువు వరుసనూ రెండింతల వెడల్పు చేసి చూపిస్తుంది. బలహీనమైన యంత్రం ఉన్నవాడు బొమ్మ నాణ్యతలో ఎంత వదులుకొని ఎంత వేగం తెచ్చుకోవాలో తానే నిర్ణయించుకోగలిగాడు. ఈనాటి ఆటల్లో కనిపించే గ్రాఫిక్స్ సెట్టింగుల పట్టికకు ఈ రెండు మీటలను పూర్వరూపంగా భావించవచ్చు.

3. చెరువు, తూము

1996లో 3డిఎఫ్ఎక్స్ సంస్థ వూడూ కార్డు వచ్చాక త్రిమితీయ చిత్రణకు ప్రత్యేక పరికరం ఉండాలన్న ఆలోచన స్థిరపడింది. ఆ కార్డుకు సొంత మెమరీ ఉంది. దీనికి భిన్నమైన దారిని ఇంటెల్ 1998 ఫిబ్రవరిలో ఐ740 చిప్‌తో పరీక్షించింది. లాక్‌హీడ్ మార్టిన్‌కు చెందిన రియల్ 3డి సంస్థతో కలిసి రూపొందించిన ఈ చిప్, ఉపరితలాలకు అద్దే టెక్స్‌చర్ చిత్రాలను తన మెమరీలో కాక కంప్యూటర్ ప్రధాన మెమరీలోనే ఉంచి, ఏజీపీ మార్గం గుండా తెచ్చుకునేది. కార్డుగా అది విఫలమైంది. ఏడాదిన్నర తిరగకుండానే ఇంటెల్ ఆ విపణి నుండి తప్పుకుంది. అయితే దాని వారసత్వం 1999 నాటి 810 చిప్‌సెట్‌లోకి చేరి మదర్‌బోర్డుల మీద స్థిరపడింది. అంగట్లో ఓడిన రూపకల్పన అడగకుండానే ఇంటింటికీ చేరడం సాంకేతిక చరిత్రలో చిత్రమైన మలుపు.

ఇక్కడి నుండి సమీకృత గ్రాఫిక్స్ కథంతా మెమరీ పంపకపు కథే. దీన్ని వివరించడానికి చెరువు, తూము అన్న పోలిక సరిపోతుంది. మెమరీ పరిమాణం చెరువులోని నీరు. బ్యాండ్‌విడ్త్, అంటే సెకనుకు ఎంత సమాచారం అందుతుందన్నది, తూములోంచి వచ్చే ప్రవాహం. ప్రత్యేక కార్డుకు తన చెరువూ తన తూమూ ఉంటాయి. సమీకృత గ్రాఫిక్స్‌లో ప్రాసెసర్, చిత్రణ విభాగం రెండూ ఒకే తూము కింద చేలు. చెరువు నిండుగా ఉన్నా తూము ఇరుకైతే చివరి మడి ఎండుతుంది.

ఈ పోలిక తెలియకపోవడం వల్ల ఏర్పడిన అపోహ ఈనాటికీ ఉంది. బయోస్ సెట్టింగుల్లో గ్రాఫిక్స్‌కు కేటాయించే మెమరీని పెంచితే ఆట వేగం పెరుగుతుందని పలువురు నమ్ముతారు. కేటాయింపు పెంచడమంటే చెరువులో ఇంత భాగం ఈ చేనిదని గట్టు కట్టడమే. తూము వెడల్పు మారదు. విండోస్ రిజిస్ట్రీలో ఒక అంకెను చేర్చే చిట్కా విషయంలోనూ ఇంతే. అది ఆటకు చెప్పే లెక్కను మాత్రమే మారుస్తుంది. తగినంత గ్రాఫిక్స్ మెమరీ లేదని ఆట మొదలుకావడానికే నిరాకరించినప్పుడు ఆ అడ్డు దాటడానికి ఇవి పనికివస్తాయి.

ఈ సందర్భంలో ఈ వ్యాసకర్త చిన్ననాటి జ్ఞాపకం ఒకటి. మా పట్టణంలోని నెట్ సెంటర్లో గంటల లెక్కన డబ్బు కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లం. ఏ యంత్రంలోనూ కార్డు లేదు. ఆ ఆట సెట్టింగుల్లో ఓపెన్‌జీఎల్, డైరెక్ట్3డి, సాఫ్ట్‌వేర్ అని మూడు ఎంపికలుండేవి. మూడవదాన్ని ఎంచుకుంటే చిత్రణ భారమంతా ప్రాసెసర్ మోసేది. బొమ్మ గరుకుగా ఉన్నా ఆట నడిచేది. ఏ మూల యంత్రంలో ఏ ఎంపిక మంచిదో సెంటరు నడిపే అన్నయ్యకంటే ఆడే పిల్లలకే బాగా తెలుసు. ఆ ఆట హాఫ్-లైఫ్ చిత్రణ యంత్రాంగం మీద తయారైనదనీ, దానికి మూలం ఇడ్ సాఫ్ట్‌వేర్ వారి క్వేక్ అనీ తెలిసింది చాలా ఏళ్ల తరువాత. కార్డు లేని కాలపు పొదుపు ఆ సాఫ్ట్‌వేర్ ఎంపిక రూపంలో మాదాకా వచ్చిందన్నమాట.

4. ముద్ర పొందిన లేమి

2004లో జీఎంఏ 900, 2005లో జీఎంఏ 950 అన్న పేర్లతో ఇంటెల్ కొత్త తరాన్ని తెచ్చింది. వీటిలో పిక్సెళ్లకు రంగు లెక్కించే షేడర్ విభాగం ఉంది గాని, ఆకృతుల మూలబిందువుల స్థానాలను లెక్కించే హార్డ్‌వేర్ లేదు. ఆ పని మళ్లీ ప్రాసెసర్ మీదే పడింది. అప్పటి ఆటల్లో కొన్ని ఆ హార్డ్‌వేర్ ఉన్నదా అని మొదటే తనిఖీ చేసి, లేకుంటే ఆగిపోయేవి. ఆటగాళ్లు 3డి అనలైజ్ వంటి చిన్న ప్రోగ్రాములతో, ఆ హార్డ్‌వేర్ ఉన్నదని ఆటను నమ్మించి నడిపించుకునేవారు. నిమిషానికి నాలుగుసార్లు తడబడే ఆటను ఆడటం కంటే, ఆడనివ్వని ఆటను తెరిపించడంలోనే వారికి ఎక్కువ ఆనందం దక్కిందేమో అనిపిస్తుంది.

ఇదే కాలంలో సమీకృత గ్రాఫిక్స్ న్యాయస్థానానికి కూడా ఎక్కింది. 2007 జనవరిలో వెలువడిన విండోస్ విస్టాలో ఏరో అనే పారదర్శకపు కిటికీల అలంకరణకు మెరుగైన చిత్రణశక్తి కావలసివచ్చింది. విస్టా రావడానికి ముందు, 2006లోనే, కొత్త కంప్యూటర్లకు 'విస్టా కేపబుల్' అన్న ముద్ర వేసి అమ్మారు. జీఎంఏ 900 ఉన్న ఇంటెల్ 915 చిప్‌సెట్ యంత్రాలు కొత్త డ్రైవర్ ప్రమాణాన్ని అందుకోలేవు. అయినా అవి కూడా ఆ ముద్ర పొందేలా మైక్రోసాఫ్ట్ నిబంధన సడలించింది. కొనుగోలుదారులు 2007లో సియాటిల్‌లోని ఫెడరల్ న్యాయస్థానంలో వ్యాజ్యం వేశారు. 2008లో బహిర్గతమైన సంస్థ అంతర్గత లేఖల్లో, ఇంటెల్ ఆదాయ లక్ష్యాలకు తోడ్పడటానికే ప్రమాణాన్ని తగ్గించినట్టు అర్థమిచ్చేది ఒకటుంది. సామూహిక వ్యాజ్యానికి ఇచ్చిన అనుమతిని న్యాయస్థానం 2009లో ఉపసంహరించుకోవడంతో కేసు నీరుగారింది.

ఆటల చరిత్రకు ఈ వ్యాజ్యంతో ఏమి సంబంధమని ప్రశ్నించవచ్చు. తన యంత్రంలో ఏమున్నదో కొనేవాడికి తెలియని స్థితి ఇక్కడ పత్రబద్ధమైంది. 'కార్డు లేదు' అన్న వ్యవహారపు మాట కనీసం నిజాయితీ గలది. 'కేపబుల్' అన్న ముద్ర లేమిని సామర్థ్యంగా చూపింది. ఒక యంత్రపు పనితీరును మెరుగుపరచాలంటే అది ఏమి చేయలేదో ముందు తెలియాలి. ఆ సమాచారం అమ్మేవారి వద్దనే ఆగిపోయింది.

5. రెండవ తూము

2010లో చిత్రణ విభాగం ప్రాసెసర్ పొట్లంలోకి, 2011 జనవరిలో శాండీ బ్రిడ్జ్‌తో అదే సిలికాన్ ముక్కలోకి వచ్చింది. ప్రాసెసర్ వాడే చివరి అంచె క్యాష్‌ను ఇప్పుడు గ్రాఫిక్స్ కూడా వాడుకోగలదు. 2006లో ఏటీఐని కొనుగోలు చేసిన ఏఎండీ, 2011 మధ్యలో ల్లానో పేరుతో తన సమీకృత ప్రాసెసర్‌ను విడుదల చేసింది. గీసే శక్తి ఒక్కసారిగా పెరిగింది. తూము మాత్రం పాతదే.

ఎంత ఇరుకో లెక్క చూద్దాం. 1920×1080 తెరలో 20,73,600 పిక్సెళ్లు. ఒక్కొక్కదానికి 4 బైట్ల చొప్పున ఒక ఫ్రేము సుమారు 8.3 మెగాబైట్లు. సెకనుకు 60 ఫ్రేములంటే సుమారు 498 మెగాబైట్లు. ఇది ఒక్కొక్క పిక్సెల్‌ను ఒక్కసారే రాస్తే అయ్యే ఖర్చు. వాస్తవంలో ఒకే పిక్సెల్ మీద ముందు గోడ, తరువాత మనిషి, ఆపైన పొగ గీస్తారు. ప్రతిసారీ దూరపు లెక్క చదవాలి, టెక్స్‌చర్లు చదవాలి, నీడల కోసం దృశ్యాన్ని వెలుగు వైపు నుండి మరొకసారి గీయాలి. ఖర్చు అనేక రెట్లవుతుంది. 1280×720కి దిగితే పిక్సెళ్లు 9,21,600. అంటే పని 2.25 రెట్లు తగ్గుతుంది. సమీకృత గ్రాఫిక్స్ వాడేవారు మొట్టమొదట తగ్గించవలసింది రిజల్యూషన్, ఆ తరువాత నీడలు అని అనుభవజ్ఞులు చెప్పడానికి ఆధారం ఈ లెక్కే.

సరఫరా వైపు చూస్తే, డీడీఆర్4-2400 రకం ర్యామ్ పలక ఒక్కటి సెకనుకు 19.2 గిగాబైట్లు అందిస్తుంది. రెండు పలకలను రెండు మార్గాల్లో అమర్చితే 38.4 గిగాబైట్లు. రెండవ తూము తెరవడమంటే ఇదే. ఒకే 8 గిగాబైట్ల పలకకు బదులు 4 చొప్పున రెండు పలకలు పెడితే చెరువు పరిమాణం మారదు, ప్రవాహం రెట్టింపవుతుంది. ఆట వేగం సరిగ్గా రెట్టింపు కాకపోయినా, ఏఎండీ 2018లో తెచ్చిన రైజెన్ 5 2400జి వంటి ప్రాసెసర్లలో ఈ మార్పు కంటికి కనిపించేంత ఉంటుంది. అయినప్పటికీ ధర తగ్గించడానికి ఒక పలకతో, రెండవ స్లాట్ ఖాళీగా వచ్చే ల్యాప్‌టాప్‌లు మన విద్యార్థుల చేతుల్లో ఎన్నో. ఖాళీ స్లాట్ ఉన్నదన్న సంగతి యంత్రం విప్పి చూసేవరకు వారికి తెలియదు.

సమీకృతం కాబట్టే బలహీనం అన్న అభిప్రాయాన్ని ఖండించడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2013 నవంబరులో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ 4లో ప్రాసెసర్, చిత్రణ విభాగం ఒకే చిప్‌లో ఉండి ఒకే మెమరీని పంచుకుంటాయి. కానీ ఆ మెమరీ జీడీడీఆర్5 రకం. ప్రవాహం సెకనుకు 176 గిగాబైట్లు. అదే కాలపు సాధారణ కంప్యూటర్లో డీడీఆర్3-1600 పలకలు రెండు కలిపి ఇచ్చేది 25.6 గిగాబైట్లు. చిత్రణ విభాగం పరిమాణంలోనూ పెద్ద తేడా ఉన్న మాట నిజమే. అయినా తూము ఇరుకుగా ఉంటే ఆ పరిమాణం వృథా అయ్యేది. ఇంటెల్ కూడా అదే ఏడాది ఐరిస్ ప్రో 5200లో 128 మెగాబైట్ల వేగవంతమైన మెమరీని ప్రాసెసర్ పక్కనే చేర్చింది. చేను పక్కనే చిన్న కుంట తవ్వుకోవడం వంటిదది.

విద్యుత్తు, వేడి విషయంలోనూ పంపకం ఉంది. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కలిపి ఒకే విద్యుత్ పరిమితిలో పనిచేయాలి. ఒకటి ఎక్కువ తింటే రెండవదానికి తగ్గుతుంది. ఊగిసలాడే 45 ఫ్రేముల కంటే 30 దగ్గర కట్టడి చేసిన ఆట కంటికి సుఖంగా ఉండటానికి ఇదొక కారణం.

6. పాత పొదుపు, కొత్త రూపం

2008లో ప్లేస్టేషన్ 3 మీద వచ్చిన వైపౌట్ హెచ్‌డీ, దృశ్యం బరువెక్కినప్పుడు అడ్డపు రిజల్యూషన్‌ను తానే తగ్గించుకొని, తేలికపడగానే పెంచుకునేది. డూమ్ ఆటగాడు ఎఫ్5తో చేసిన పనిని ఇక్కడ యంత్రమే క్షణక్షణం చేసింది. 2021 జూన్‌లో ఏఎండీ విడుదల చేసిన ఎఫ్ఎస్ఆర్ పద్ధతి తక్కువ రిజల్యూషన్లో గీసిన బొమ్మ అంచులను సరిదిద్దుతూ పెద్దది చేస్తుంది. 2022లో వచ్చిన దాని రెండవ రూపం గడచిన ఫ్రేముల సమాచారాన్ని కూడా కలుపుకుంటుంది. ఇంతకుముందే గీసినదాన్ని పారవేయకుండా మళ్లీ వాడుకోవడం అంటే, కమాండర్ కీన్ నీలాకాశం దగ్గరకే తిరిగి వచ్చామన్నమాట. ఈ పద్ధతికి ప్రత్యేక హార్డ్‌వేర్ అక్కరలేకపోవడం వల్ల కార్డు లేనివారికి కూడా ఇది అందింది. అయితే 720 వరుసల కంటే కిందికి దిగి గీసిన బొమ్మను పెంచితే ముఖాలూ అక్షరాలూ చెదిరిపోతాయి. పొదుపుకూ ఒక అడుగు ఉంది.

2022 ఫిబ్రవరిలో వాల్వ్ సంస్థ అమ్మకానికి తెచ్చిన స్టీమ్ డెక్ ఈ పరిణామాన్నంతా ఒకచోట చూపుతుంది. చేతిలో ఇమిడే ఈ కంప్యూటర్లో కార్డు లేదు. ఏఎండీ సమీకృత చిప్ ఉంది. తెర 1280×800, అంటే 10,24,000 పిక్సెళ్లు. 1920×1080లో సగం కంటే తక్కువ. మెమరీ ఎల్‌పీడీడీఆర్5, ప్రవాహం సెకనుకు 88 గిగాబైట్లు. రూపకర్తలు తెరను చిన్నది చేసి తూమును వెడల్పు చేశారు. దశాబ్దాలుగా ఆటగాళ్లు తమ యంత్రాల్లో చేతనైనంతలో చేసుకున్న రెండు సవరణలు ఇందులో కర్మాగారంలోనే జరిగిపోయాయి.

దీనికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. స్టీమ్ డెక్ మెమరీ మదర్‌బోర్డుకు అతికి ఉంటుంది. 2020 నవంబరులో ఆపిల్ తెచ్చిన ఎం1లోనూ, 2024 సెప్టెంబరులో ఇంటెల్ విడుదల చేసిన కోర్ అల్ట్రా 200వి శ్రేణిలోనూ మెమరీ ప్రాసెసర్ పొట్లంలోనే చేరింది. దూరం తగ్గితే విద్యుత్తు ఆదా అవుతుంది, వేగమూ పెరుగుతుంది. అయితే ఆ ల్యాప్‌టాప్‌ను విప్పి చూసిన విద్యార్థికి ఖాళీ స్లాట్ కనిపించదు. కొన్న రోజున 16 గిగాబైట్లు ఎంచుకున్నవాడికి చివరిదాకా అదే. వాడకందారు స్వయంగా రెండవ తూము తెరవగలిగిన యంత్రాలు సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో ఇంకా కొన్నేళ్లు దొరుకుతాయి.